ఆర్కిటెక్టు ఆఫీసూ – వీధి అరుగూ

ఆర్కిటెక్టు ఆఫీసంటే ఏటవాలు బల్ల, దానిమీద వంగిన మనిషి, గోడమీద రంగుల బొమ్మ – సామాన్యంగా మనకు తోచేది ఇదే. బల్ల స్థానంలోకి కంప్యూటరు వచ్చింది గాని, ఊహ మారలేదు. బి.ఆర్క్. ఐదేళ్ళ చదువులో భాగంగా నేను హైదరాబాదులో ఒక చిన్న ఆఫీసులో శిక్షణ పొందాను. అక్కడ గీతలు గీసే సమయం బహు తక్కువ. మున్సిపాలిటీ నిబంధన ప్రకారం చుట్టూ వదలాల్సిన ఖాళీ లెక్క చూడటం, మేస్త్రీ ఫోను చేసి "మెట్టు ఎత్తెంత సార్?" అంటే కాగితం వెతకటం, ఇంటావిడ పూజగది జరపమంటే దానితోపాటు వంటిల్లూ జరపటం – పొద్దస్తమానం ఇదే పని.

ఇదంతా డబ్బిచ్చి కట్టించుకునేవారి వ్యవహారం. వారు ఎదురుగా కూర్చుని తమకేం కావాలో చెబుతారు. మరి ఆఫీసు గుమ్మం తొక్కలేనివారి సంగతేమిటి? వారికేం కావాలో ఎవరు తెలుసుకోవాలి?

ఈ ప్రశ్నకు అహమ్మదాబాదులోని ఒక ఆఫీసు పనిచేసి జవాబు చూపింది. అది బాలకృష్ణ దోషీ (1927–2023) గారిది. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడాయన. ఆఫీసు భవనం పేరు 'సంగత్', అంటే కలిసి సాగడం. బోర్లించిన దొప్పల్లాంటి కప్పులు, వాటిమీద ఎండను తిప్పికొట్టే తెల్లని పింగాణీ పెంకులు, కొంత నేలలోకి దిగిన గదులు. చూడ ముచ్చటైనదే. కాని మనం చదువుకోవలసింది 1978లో ఆయన నెలకొల్పిన వాస్తుశిల్ప ఫౌండేషన్ చేసిన పని.

1980ల్లో ఇండోరు అభివృద్ధి సంస్థ 'అరణ్య' అనే కాలనీ తలపెట్టింది. సుమారు 85 హెక్టార్లు, 6,500 ఇళ్ళు. 65 శాతం బీదవారికే. ఆ రోజుల్లోనే ఫౌండేషన్‌వారూ, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవారూ కలిసి ఇండోరు మురికివాడల్ని కొలిచారు. ఇళ్ళను మాత్రమేనా? గుమ్మం ముందు మెట్టు, చెట్టు నీడ, గోడకానించిన సైకిలు, ముందుగదిలో చిల్లర దుకాణం, ఆరుబయట పొయ్యి – అన్నీ బొమ్మలుగా గీశారు. ఆ అధ్యయనం 1984లో అచ్చయింది. మనం పడగొట్టాలనుకునే బస్తీ దగ్గరకు వాళ్ళు విద్యార్థుల్లా వెళ్ళారు.

అరణ్యలో అన్నిటికన్నా చిన్న ప్లాటు 35 చదరపు మీటర్లు. మన లెక్కలో 42 గజాలు. పునాది, మరుగుదొడ్డి, స్నానానికి చోటు కట్టి ఇస్తారు. మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కట్టుకోవాలి. ఎలా కట్టుకోవచ్చో చూపడానికి 80 మాదిరి ఇళ్ళు నిర్మించారు. ఇంటికీ వీధికీ మధ్య అక్కడివారు 'ఓట్లా' అనేది ఉంటుంది. అది మన అరుగే! కూరగాయలు తరిగేదీ, పిల్లలు చదివేదీ, పొరుగమ్మతో మాట్లాడేదీ అక్కడే. మన నగరాల అపార్ట్‌మెంటు ప్లాన్లలో దానికి చోటేది? అమ్మకానికి పనికిరాని అడుగును ఎవరు గీస్తారు?

1995లో అరణ్యకు ఆగాఖాన్ అవార్డు వచ్చింది. తర్వాత జనం అంతస్తులు లేపారు, బాల్కనీలు మూశారు, రంగులు మార్చారు. మాదిరి ఇళ్ళను పోల్చుకోవడమే కష్టమైంది. అసలు అందం పోయిందని కొందరు ఆర్కిటెక్టుల బాధ. నాకు మాత్రం ఇంటివాళ్ళు ప్లానును తమది చేసుకున్నారనిపిస్తుంది.

వచ్చే ఏడు శిక్షణకు వెళ్ళే జూనియర్లు ఒక టేపు, ఒక నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి. ఆఫీసు వదిలాక దగ్గర్లోని బస్తీకి వెళ్ళి, అక్కడివారిని అడిగి వీధి కొలవండి. పగలు ఖాళీగా కనిపించిన చోట, సాయంత్రం ఆరింటికి ఒక నులకమంచం, ఒక కుట్టుమిషను, ఒక బజ్జీల బండి ఉంటాయి.