న్యూజెర్సీ రైలు సమ్మె (2025)

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన ఎడిసన్ నుంచి న్యూయార్క్ ఉద్యోగాలకు వెళ్లేవారికి న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలే పెద్ద ఆధారం. 2025 మే 16న లోకో పైలట్ల సంఘం 'బ్రదర్‌హుడ్ ఆఫ్ లోకోమోటివ్ ఇంజినీర్స్ అండ్ ట్రైన్‌మెన్' సమ్మెకు దిగడంతో ఆ సంస్థ రైళ్లు ఆగిపోయాయి. సమ్మె చేసింది సుమారు 450 మందే. పొరుగు రైల్వేలతో సమాన వేతనం వారి డిమాండ్. అంతకుముందు నాయకులు కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్ని సభ్యులే 87 శాతం ఓట్లతో తిరస్కరించారు. సంఘంలో తుది మాట సభ్యుడిదేనని తేల్చిన ఈ ఘట్టాన్ని పోటీ పరీక్షల అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాలి.

మే 18న రాజీ కుదిరింది, 20న రైళ్లు కదిలాయి. ఇలాంటి వివాదాలకు వర్తించేది 1926 నాటి రైల్వే లేబర్ చట్టం. చర్చల్లో ప్రయాణికుల తరఫున కూర్చునేవారు మాత్రం లేరు. ఇది సరిదిద్దాల్సిన లోటు.

పోల్చి చదవండి: ప్రభుత్వంలో విలీనం కోరుతూ 2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది.