రేడియేటర్ మూత కింద ఏముంది?

మే నెల మధ్యాహ్నం. పెళ్లికని నిజామాబాద్ నుండి బోధన్ బయలుదేరాము. మాది పాత మారుతి 800. దారిలో చాలాసేపు ధాన్యం ట్రాక్టర్ల వెనుక నెమ్మదిగా సాగవలసి వచ్చింది. ఎడపల్లి చేరేసరికి ఇంజను వేడిని చూపే ముల్లు ఎర్ర గీతను తాకింది. కారును ఒక వేపచెట్టు నీడన ఆపి, ఇంజను కట్టేశాను. పదో తరగతి చదివే మా మేనల్లుడు ఒక చేత నీళ్ల సీసా, మరో చేత తువాలు పట్టుకొని దిగాడు.

"మామా, మూత తీసి నీళ్లు పోస్తా!"

"ఆగురా, ముట్టుకోకు!" అని అరిచాను. నా కుడి ముంజేతి మీది మచ్చ చూపించాను. ముప్పై ఏళ్ల క్రితం నేను చేసిన పనీ అదే. తరగతిలో మరుగు స్థానం పాఠం చెప్పే నేనే, రోడ్డు మీద దాన్ని మరిచాను.

ఇంతకీ ఆ మూత కింద ఏముంది?

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో సుమారు నాలుగో వంతు మాత్రమే కారును నడుపుతుంది. మిగిలినదానిలో కొంత పొగతో పోతుంది. కొంత ఇంజను చుట్టూ తిరిగే నీటికి చేరుతుంది. ఆ నీరు రేడియేటర్ సన్నని గొట్టాలలో ప్రవహిస్తూ వేడిని గాలికి ఇచ్చేస్తుంది.

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని మీరు చదివారు. అది సాధారణ వాతావరణ పీడనం వద్ద. రేడియేటర్ మూతలో స్ప్రింగు, రబ్బరు వాషరు ఉంటాయి. అవి ఆవిరిని బయటకు పోనీయవు. లోపలి పీడనం బయటి పీడనం కన్నా చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోగ్రాములు పెరిగితే, నీరు సుమారు 118 డిగ్రీల దాకా మరగదు. మీ ఇంటి ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదీ ఇదే.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. లోపల 110 డిగ్రీల వద్ద 4 లీటర్ల నీరు ఉందనుకోండి. మూత తీయగానే పీడనం పడిపోతుంది. నీరు 100 డిగ్రీలకు దిగాలి. అంటే 4,000 గ్రాములు, గ్రాముకు 10 కాలరీల చొప్పున, 40,000 కాలరీలు వదలాలి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కాలరీలు కావాలి. కనుక సుమారు 74 గ్రాముల నీరు క్షణాలలో ఆవిరి అవుతుంది. ఒక గ్రాము ఆవిరి దాదాపు 1.67 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మొత్తం 120 లీటర్లకు పైమాటే! ఆ ఆవిరి మరిగే నీటిని కూడా వెంటబెట్టుకొని ముఖం మీదికి చిమ్ముతుంది. తువాలు ఏం ఆపుతుంది?

బోధన్ వాళ్లకు దీనికి తిరకాసు పని కూడా తెలుసు. 1930ల చివర్లో వెలసి, 2015లో మూతపడిన అక్కడి నిజాం చక్కెర ఫ్యాక్టరీ గుర్తుంది కదా! చక్కెర ఫ్యాక్టరీలలో చెరకు రసపు పాకాన్ని గాలి తీసేసిన పెద్ద పాత్రలలో కాస్తారు. పీడనం తక్కువ కనుక పాకం 70 డిగ్రీల దరిదాపుల్లోనే మరుగుతుంది, చక్కెర మాడదు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ చార్లెస్ హోవర్డ్ ఈ పద్ధతిని 1813లో కనిపెట్టాడు. అక్కడ పీడనం తగ్గిస్తారు, కారులో పెంచుతారు. సూత్రం ఒక్కటే.

సరే, కారు వేడెక్కితే ఏం చేయాలి? ముందుగా ఇంజను ఆపి కనీసం అరగంట, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. పై రబ్బరు గొట్టాన్ని మందపాటి గుడ్డతో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే పీడనం ఇంకా ఉన్నట్టే. పూర్తిగా చల్లారాక పెద్దవాళ్ల తోడుతో ఈ వరుసలో వెతకండి:

1. నీరు తగ్గిందా? తగ్గితే ఎక్కడ కారుతోంది?
2. బెల్టు తెగిందా, వదులైందా? వేడితో పాటు బ్యాటరీ ఎర్ర దీపం కూడా వెలిగితే మొదటి అనుమానం బెల్టు మీదే.
3. ఫ్యాను తిరుగుతోందా? విద్యుత్ ఫ్యాను ఇంజను ఆపాక కూడా హఠాత్తుగా తిరగవచ్చు. వేళ్లు పెట్టకండి.
4. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము, పొట్టు నిండాయా?
5. ఇంజను కాగుతున్నా రేడియేటర్ చల్లగానే ఉందా? అయితే థర్మోస్టాట్ వాల్వు తెరుచుకోవడం లేదేమో.

ఇంజను నూనె మజ్జిగలా తెల్లబడితే అది ఇంట్లో చేసే పని కాదు. మెకానిక్‌ను పిలవండి.

మా కారు నెమ్మదిగా పోతున్నప్పుడే వేడెక్కింది. వేగంగా పోతే ఎదురుగాలి చల్లబరుస్తుంది, నెమ్మదిగా పోతే ఫ్యానే దిక్కు. అందుకే మా అనుమానం ఫ్యాను మీదికి పోయింది. మేనల్లుడు ఫ్యూజుల పెట్టె తెరిచి చూశాడు. ఫ్యాను ఫ్యూజు కాలిపోయి ఉంది. అన్నే ఆంపియర్ల కొత్త ఫ్యూజు వేశాము. దాని బదులు రాగి తీగ చుట్టడం అగ్నిని పిలవడమే. పెళ్లి ముహూర్తం దాటింది కాని, భోజనాలకు అందుకున్నాము.

బోరు నీరు రేడియేటర్‌లో పోయకండి. అందులోని కాల్షియం లవణాలు వేడికి తెల్లని గట్టి పొరగా పేరుకొని వేడిని బయటకు పోనీయవు. స్వేదన జలం, కూలెంట్ కలిపి పోయాలి. కూలెంట్ తియ్యగా ఉండే విషం. చిన్నపిల్లలకు, పశువులకు అందనీయకండి.

చేసి చూడండి: సూది లేని సిరంజిలోకి కొద్దిగా వేడినీరు, సుమారు 60 డిగ్రీలది, పెద్దల సహాయంతో తీసుకోండి. గాలి బుడగ లేకుండా చూసి, మూతిని రబ్బరు ముక్కతో గట్టిగా మూసి, కాడను వెనక్కి లాగండి. నీరు ఎందుకు మరిగింది? కాడ వదిలితే ఎందుకు ఆగింది? మీ జవాబును చక్కెర పాత్రకు, రేడియేటర్ మూతకు అన్వయించి చూడండి.