గాలి సరే అన్నాకే డ్రోను
సందేహాలు – సమాధానాలు

ఈసారి సంచిలో వచ్చిన ఉత్తరాలన్నీ పాతబస్తీవే. పాతబస్తీలో పొలాలెక్కడివి అనకండి. గౌలిపురా, అలియాబాద్, ఉప్పుగూడ ఇళ్లలో ఎంతమందికి చేవెళ్ల వైపో, షాబాద్ వైపో, యాచారం వైపో నాలుగెకరాలు లేవు? ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలే బండి వెనక డ్రోను కట్టుకుని తెల్లారకముందే ఊళ్లకు బయల్దేరుతున్నారు. బహదూర్‌పురా దాటి ఆరాంఘర్ మీదుగా వెళ్తే రాజేంద్రనగర్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వస్తుంది. వరి మీద డ్రోనుతో మందు కొట్టి చూసిన మడులు అక్కడే ఉన్నాయి. కాబట్టి ఈ సందేహాలు సరైన చోటి నుంచే వచ్చాయి.

పెళ్లిళ్లకు డ్రోను కెమెరా నడుపుతాను. సీజన్ లేనప్పుడు మందు కొట్టే డ్రోను పట్టుకుందామని ఉంది. చెయ్యి తిరిగినవాణ్నే కాబట్టి నేరుగా కొనేయొచ్చా? అలవాటుకు మా డాబా మీద ఎగరేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, షాలిబండ

డాబా మాట మరిచిపోండి. పెళ్లి డ్రోను బరువు రెండు కిలోల లోపు. పది లీటర్ల మందు డ్రోను ట్యాంకు నింపితే పాతిక కిలోలకు దగ్గరగా తూగుతుంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం మొదటిది ‘మైక్రో’, రెండోది ‘స్మాల్’ తరగతి. మందు డ్రోనుకు రిజిస్ట్రేషన్ నంబరు, థర్డ్ పార్టీ బీమా ఉండాలి. నడిపే మనిషికి డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థ ఇచ్చిన రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పదో తరగతి పాసై, వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉంటే చాలు. ఒకసారి తీసుకుంటే పదేళ్లు చెల్లుతుంది.

మీరు అడగని మాట ఒకటి కూడా చెప్పాలి. మైక్రో డ్రోనుకు సర్టిఫికెట్ అక్కర్లేదన్న మినహాయింపు డబ్బు తీసుకోకుండా ఎగరేసేవాళ్లకే. పెళ్లికి బేరమాడి నడుపుతున్నారంటే ఆ సర్టిఫికెట్ మీకు ఇప్పటికే అవసరం.

ఇక చోటు సంగతి. మనకు ఒకవైపు బేగంపేట, ఇంకోవైపు శంషాబాద్ ఉన్నాయి. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల దూరంలో 200 అడుగుల దాకా, అంతకన్నా దూరంలో 400 అడుగుల దాకా మామూలుగా గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు. ఏ చోటు ఏ రంగులో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ రోజుకు ఆ రోజు చూసుకోవాల్సిందే. ‘పైరు మీద మూడు మీటర్లే కదా ఎగిరేది’ అన్న మాట రెడ్ జోన్‌లో చెల్లదు. నియమం తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

కెమెరా చెయ్యి మీకు ఉపయోగపడుతుంది, అడ్డం కూడా వస్తుంది. కెమెరా డ్రోను బరువు మొదటి నుంచి చివరి దాకా ఒకటే. మందు డ్రోను ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ తేలికవుతుంది, లోపలి నీళ్లు ఊగి మలుపు దగ్గర ఒక తోపు తోస్తాయి. శిక్షణ అయ్యాక నెల రోజులు ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి, ఖాళీ చేలో తిప్పండి.

షాబాద్ దగ్గర మాకు వరి ఉంది. మొగి పురుగుకు డ్రోనుతో మందు కొట్టించాం. పది రోజులైనా తెల్ల కంకులు ఆగలేదు. మా నాన్న “తైవాన్ పంపే నయం, ఇది ఫోటోలకే” అంటున్నాడు. మందు నకిలీదా, డ్రోనుతో పని కాదా? – గౌలిపురా నుంచి ఒక రైతు కొడుకు

మందును అనుమానించే ముందు ట్యాంకులో ఎంత కలిపారో కనుక్కోండి. మీ ఉత్తరంలోనే “లీటరుకు 0.3 మిల్లీలీటర్ల లెక్కన పది లీటర్లకు 3 మిల్లీలీటర్లు” అని రాశారు. తప్పు అక్కడే జరిగింది.

క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రావణం వరిలో ఎకరాకు 60 మిల్లీలీటర్లు. చేతిపంపుతో 200 లీటర్ల నీళ్లు పోసినప్పుడు అది లీటరుకు 0.3 అవుతుంది. డ్రోను పోసేది ఎకరాకు పది లీటర్లే. నీళ్లు తగ్గాయని మందు తగ్గదు. ఆ 60 మిల్లీలీటర్లూ ఆ పది లీటర్లలోనే కలవాలి, అంటే లీటరుకు 6. మీ ఎకరాకు పడాల్సిన మందులో ఇరవయ్యో వంతే పడింది. పురుగు చావకపోవడంలో దాని తప్పేమీ లేదు!

డ్రోను పనిలో ‘లీటరుకు ఇంత’ అన్న మాటే ఎత్తకండి. ‘ఎకరాకు ఎంత’ అనే అడగండి. ఇంకో సంగతి, తెల్ల కంకి ఒకసారి వచ్చాక ఏ మందూ దాన్ని పచ్చగా చేయదు. మళ్లీ కొట్టాలా వద్దా అన్నది మీ వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) చేను చూపించి తేల్చుకోండి.

ఇంత చిక్కటి మందు కలిపేటప్పుడే మనిషికి ఎక్కువ ప్రమాదం. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. రెండు మందులు కలపాలంటే ముందు గాజు సీసాలో అదే పాళ్లలో కొద్దిగా కలిపి అరగంట చూడండి. పెరుగులా విరిగినా, అడుగున పేరుకున్నా ఆ జోడీ నాజిల్‌కు శత్రువే. బకెట్‌లో బాగా కలిపి, వడకట్టి, అప్పుడే ట్యాంకులో పోయాలి.

సొంత డ్రోనుతో ఊళ్లలో పని చేస్తున్నా. రోజుకు పదెకరాలు దాటడం లేదు. తోటివాళ్లు ఇరవై, పాతిక అంటున్నారు. వేగం పెంచితే సరిపోతుందా? – ఒక యువకుడు, ఉప్పుగూడ

వేగం జోలికి పోకు తమ్ముడూ. ముందు కాగితం తీసుకో.

నీ డ్రోను ఒక సాలుకు తడిపే వెడల్పు 4 మీటర్లు, వేగం సెకనుకు 4 మీటర్లు అనుకుందాం. సెకనుకు 16 చదరపు మీటర్లు తడుస్తుంది. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. సుమారు 253 సెకన్లు, నాలుగుంపావు నిమిషాలు. ఆ లోపల పది లీటర్లు దిగాలంటే పంపు నిమిషానికి దాదాపు 2.4 లీటర్లు వదలాలి. ఇప్పుడు పంపును అలాగే ఉంచి వేగం 6కు పెంచావనుకో, ఎకరాకు పడేది ఆరున్నర లీటర్ల చిల్లరే. మూడో వంతు మందు ఎగ్గొట్టినట్టు. పై ఉత్తరంలోని తెల్ల కంకులు నీ ఖాతాలో కూడా పడతాయి.

ఎకరాలు పెరిగేది మలుపుల దగ్గర. 100 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు ఉన్న మడిలో పొడవునా తిప్పితే 10 సాళ్లు, 9 మలుపులు. అడ్డంగా తిప్పితే 25 సాళ్లు, 24 మలుపులు. మలుపుకు అయిదు సెకన్లు వేసుకున్నా ఎకరాకు నిమిషానికి పైగా తేడా. బ్యాటరీ ఎక్కువగా తినేదీ ఆ మలుపే.

రెండోది, మందు నింపే చోటు. గట్టు మీద బండి ఎక్కడ ఆపావో అక్కడి నుంచే రోజంతా నడిపితే, డ్రోను సగం బ్యాటరీ ఖాళీగా వచ్చిపోవడానికే ఖర్చవుతుంది. పది పన్నెండు ఎకరాల గుంపుకు నడుమన, గాలి వచ్చే వైపున చోటు పెట్టుకో. సహాయకుడు తర్వాతి ట్యాంకు మందు బకెట్‌లో కలిపి సిద్ధంగా ఉంచితే, దిగడం, నింపడం, బ్యాటరీ మార్చడం అన్నీ మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. ఎకరాకు పది నిమిషాల లెక్కన పొద్దున మూడున్నర గంటల్లో ఇరవై ఎకరాలు నిమ్మళంగా వస్తాయి.

మూడోది ముందురోజు సాయంత్రం పని. పొలం చుట్టూ కాలినడకన తిరుగు. 11 కేవీ తీగలు, బోరు మోటారు సర్వీసు తీగ, తాటిచెట్టు, అన్నింటినీ మ్యాప్‌లో గుర్తుపెట్టు. తిరిగొచ్చే ఎత్తు వాటన్నిటికన్నా పైన ఉండేలా పెట్టు. నేను ఒకసారి వికారాబాద్ దగ్గర నడవకుండా ఎగరేశాను. స్తంభం కనిపించింది, తీగలు కనిపించాయి. స్తంభాన్ని పట్టి ఉంచే స్టే వైరు, బీర తీగ అల్లుకుపోయి, పచ్చగా పైరులో కలిసిపోయింది. చేయి తెగినట్టు ఒక రెక్క తెగి మడిలో పడింది. ఆ రోజు నేను ఆదా చేసింది ఇరవై నిమిషాలు, పోగొట్టుకుంది వారం రోజుల పని.

ఇంకొకటి, ఊరికి కబురు. గాలిలోంచి మందు కొట్టేటప్పుడు కనీసం 24 గంటల ముందు జనానికి తెలపాలని 1971 నాటి పురుగుమందుల నియమాలే చెబుతున్నాయి. పంచాయతీకి ఒక ఫోను, ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మాట. గొర్లను ఆ వైపు తోలరు, కూలీలు పక్క మడిలో నాటుకు దిగరు.

గుల్జార్ హౌజ్ దగ్గర మాది పతంగుల దుకాణం. మా వాడు డ్రోను నేర్చుకుంటున్నాడు. గాలి సంగతి మాకన్నా ఎవరికి తెలుసు సాబ్! మా విద్య వాడికి పనికొస్తుందా? – ఒక వ్యాపారి

పనికొస్తుంది భాయ్, సగం. చేతిలో దారం బిగుసుకున్నప్పుడు గాలి వచ్చిందని, ఢీల్ ఇవ్వాలని మీకు చూడకుండానే తెలుస్తుంది. కానీ మీ పతంగి ఆడే ఎత్తులో గాలి వేరు, పైరు మీద మూడు మీటర్ల గాలి వేరు. మీవాడు గాలిని అక్కడ, ఆ గట్టు మీద, చేతి మీటరుతో కొలవాలి. గంటకు 5 నుంచి 10 కిలోమీటర్ల నిలకడ గాలి మంచిది. 15 దాటితే డ్రోను పెట్టెలోకి వెళ్లాలి.

మీకు వింతగా తోచే మాట ఒకటి. అసలు గాలే లేని వేకువ కూడా ప్రమాదమే. ఊళ్లో పొయ్యి పొగ పైకి లేవకుండా చాపలా పరుచుకుని కనిపిస్తుందే, ఆ వేళ నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చగాలి మూతలా ఉంటాయి. సన్నటి తుంపర కిందికి దిగక ఆ మూత కింద తేలుతూ ఎటో పోతుంది. ఎండపొడ పడి, పొగ నిటారుగా లేచేదాకా ఆగాలి.

తుంపర ఎటు పోయిందో చెప్పేది పక్కవాడి చేను. వరిలో వెడల్పాకు కలుపుకు వాడే 2,4-డి రవ్వంత పత్తి మీద పడినా ఆకులు సన్నగా చీలి బెండాకులా అయిపోతాయి. చుట్టుపక్కల పత్తి ఉంటే డ్రోనుతో ఆ మందు జోలికే పోవద్దు. చేపల చెరువు, పట్టుపురుగుల మల్బరీ తోట ఉన్నా అంతే జాగ్రత్త. పూత మీదున్న పొద్దుతిరుగుడు, కంది చేలల్లో తేనెటీగలు ఇల్లు చేరాక, సాయంత్రమే కొట్టాలి. గాలి పక్క చేను వైపు వీస్తుంటే ఆ అంచున కొన్ని సాళ్లు వదిలేసి, గాలి తిరిగిన రోజు వచ్చి పూర్తి చేయాలి. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో తెలియడం మీ విద్యే కదా!

మీరాలం చెరువు దగ్గర ఉంటాం. దోమలకు డ్రోనుతో మందు కొడతారని విన్నాం. అది పొలాల మందేనా? పిల్లలకు ప్రమాదమా? – ఒక గృహిణి

యంత్రం ఒకటే కావచ్చు, మందు వేరమ్మా. మన నగరంలో మూసీ మీద, చెరువుల మీద జీహెచ్‌ఎంసీ డ్రోన్లతో చల్లించింది దోమ లార్వాను నీళ్లలోనే చంపే మందు. గుర్రపు డెక్క కమ్మేసిన చోటికి మనిషీ పడవా చేరలేవు, డ్రోను చేరుతుంది. చల్లుతున్నంతసేపూ పిల్లలను గట్టుకు దూరంగా ఉంచండి, డాబా మీది తాగునీటి తొట్టికి మూత పెట్టండి. పొలం డ్రోను తెచ్చి ‘బస్తీలో దోమలకు కొడతాం’ అనే ప్రైవేటు వాళ్లను మాత్రం రానివ్వకండి.

మా అబ్బాయి మందు డ్రోను బ్యాటరీలు రాత్రంతా పడగ్గదిలో చార్జింగ్ పెడతాడు. ఇరుకు గల్లీ, ఒకటే మెట్లదారి. భయంగా ఉంది. పైగా మొన్న రెండుసార్లు చేవెళ్ల దాకా పోయి, గాలి ఎక్కువుందని పని చేయకుండానే తిరిగొచ్చాడు. పెట్రోలు దండగ. వాడికి గట్టిగా చెప్పండి. – ఒక తల్లి, లాల్ దర్వాజ

మొదటి దానికి గట్టిగానే చెబుతాను. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఇంట్లో బిందె నీళ్లతో ఆరేది కాదు. పడగ్గదిలో, మెట్ల కింద, గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టొద్దు. దారి మూసుకుపోయే చోటు అసలే వద్దు. డాబా మీద నీడపట్టున, సిమెంటు నేల మీద, చుట్టూ గుడ్డా కాగితమూ లేకుండా, మనిషి మెలకువగా ఉన్నప్పుడే పెట్టాలి. పొలం నుంచి వేడిగా వచ్చిన బ్యాటరీ చల్లారాకే చార్జరు తగిలించాలి. ఉబ్బినదాన్ని ఆ రోజే పక్కన పెట్టాలి. వారం పని లేకపోతే నిండుగా కాకుండా, ఒక్కో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర నిలవ ఉంచాలి. మందు పట్టిన బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి.

రెండోదానికి మాత్రం వాణ్ని నేను తిట్టనమ్మా. పైలట్లు చాలామంది అంత దూరం పోయాక పెట్రోలు డబ్బులైనా రావాలని ఎగరేస్తారు. మీవాడు గాలిని చూసి డ్రోనును పెట్టెలో పెట్టి తిరిగొచ్చాడు. ఈసారి ముందురోజు రాత్రే వాతావరణ సూచన చూసి, పొద్దున రైతుకు ఒక ఫోను చేసి, ఆ తర్వాతే బండి తీయమనండి. పెట్రోలు మిగులుతుంది. అయినా మళ్లీ ఎప్పుడైనా వట్టి చేతులతో వస్తే, ఏమీ అడగకుండా అన్నం పెట్టండి.