గుణసంధి చేయగల సింథ్ ఏది?

టెన్త్‌లో బట్టీ పట్టిన గుణసంధి గుర్తుందా? అ పక్కన ఇ వస్తే రెండూ పోయి ఏ వస్తుంది. మహా + ఇంద్రుడు = మహేంద్రుడు. నాకు చాలాకాలం అది రెండు మార్కుల ప్రశ్న మాత్రమే. సౌండ్ మార్ఫింగ్ మొదలుపెట్టాక అర్థమైంది, అందులో నోటి లెక్క ఉంది.

మనం ఏ అచ్చు పలికినా గొంతులో పుట్టే శబ్దం దాదాపు ఒకటే. నోటి ఆకారాన్ని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు బలపడతాయి. ఆ శిఖరాలనే ఫార్మెంట్లు అంటారు. మగ గొంతులో ‘ఆ’కి మొదటి శిఖరం సుమారు 700 హెర్ట్జ్, రెండోది 1200. ‘ఈ’కి 300, 2200. ఇప్పుడు సగం దూరం లెక్కేయండి: 500, 1700. అది ఎకారం ఉండే పేటే!

కాబట్టి సింథ్‌లకి నా పరీక్ష ఇదే. ఒకవైపు ఆ, ఇంకోవైపు ఈ పెట్టి నాబ్ మధ్యకి తిప్పాలి. ఏ లాంటిది వినిపిస్తే సంధి జరిగినట్టు. ఇద్దరు మనుషులు ఒకేసారి ఆ, ఈ అంటున్నట్టుంటే అది ఉత్త క్రాస్‌ఫేడ్.

ముందు ఆల్కెమీ. కామెల్ ఆడియో చేసిన ఈ సింథ్ 2015లో ఆపిల్ చేతికి వెళ్లి లాజిక్ ప్రోలో కలిసిపోయింది. శాంపిల్ ఇస్తే దాన్ని విశ్లేషించి మళ్లీ కడుతుంది. మెనూలో క్రాస్‌ఫేడ్ వేరు, మార్ఫ్ వేరు అని రాసి ఉంటుంది, ఆ నిజాయితీ నాకు నచ్చింది. కానీ మ్యాక్ ఉండాలి. హాస్టల్లో ఎంతమందికి ఉంది?

స్టీవ్ డూడా చేసిన సీరమ్ 2014లో వచ్చింది, డబ్బు పెట్టి కొనాలి. ఇది వేవ్‌టేబుల్ సింథ్: ఒక్కో ఫ్రేమ్‌కి 2048 శాంపిళ్లు, మొత్తం 256 ఫ్రేములు. రెండు ఫ్రేముల మధ్య స్పెక్ట్రల్ మార్ఫ్ ఉంది, వినడానికి నున్నగానే ఉంటుంది. అయితే అది హార్మోనిక్‌ల బలాలను మాత్రమే కలుపుతుంది. 1200 దగ్గరి శిఖరం 2200 దాకా నడిచి వెళ్లదు. ఇక్కడ తగ్గుతుంది, అక్కడ పెరుగుతుంది. మన పరీక్షలో సగం మార్కులే.

మాట్ టైటెల్ 2020లో విడుదల చేసిన వైటల్‌కి ఉచిత వెర్షన్ ఉంది, లైనక్స్‌లోనూ నడుస్తుంది. ఆడియో ఫైల్‌ని లాగి ఆసిలేటర్ మీద పడేస్తే ఎలా తీసుకోమంటారని అదే అడుగుతుంది. ఓపెన్ సోర్స్ కావాలంటే సర్జ్ ఎక్స్‌టీ ఉంది, మంచిదే, కానీ దానికి ముందే ఫ్రేములుగా కోసిపెట్టిన ఫైల్ ఇస్తేనే తిన్నగా పనవుతుంది.

ఇక్కడే ఒక చిట్కా. సంధిని సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకండి, మీ నోటితోనే చేయించండి. రెండు విడి రికార్డింగులు కాకుండా ఒకే శ్రుతిలో, ఒకే ఊపిరిలో ‘ఆ’ నుంచి ‘ఈ’కి మెల్లగా జారుతూ పాడి, ఆ ఒక్క ఫైల్‌ని ఇంపోర్ట్ చేయండి. 130 హెర్ట్జ్ శ్రుతిలో సెకనుకి 130 సైకిళ్లు. సైకిల్‌కో ఫ్రేమ్ అనుకుంటే 256 ఫ్రేములకి దాదాపు రెండు సెకన్లు చాలు. మధ్యలో ఉన్న ఏ మీరు పలికిందే కాబట్టి నాబ్ తిప్పితే అదే వస్తుంది. వైటల్‌కి నా ఓటు అందుకే: పైసా ఖర్చు లేకుండా మన తెలుగు అచ్చులతో టేబుల్ తయారవుతుంది.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. వేవ్‌టేబుల్‌లో శిఖరాలు స్వరానికి అతుక్కుపోతాయి. ఒక స్థాయి పైన వాయిస్తే 700 కాస్తా 1400 అవుతుంది, మనిషి గొంతు చిట్టెలుక గొంతైపోతుంది. వైటల్‌లో ఫార్మెంట్ స్కేల్‌తో కొంత కిందికి లాగొచ్చు. రికార్డ్ చేసిన శ్రుతికి దగ్గరగా, అయిదారు స్వరాల లోపలే వాయించడం ఇంకా మేలు. 1994 నాటి ఫారినెల్లి సినిమా కోసం పారిస్‌లోని ఇర్కామ్ వాళ్లు ఒక కౌంటర్‌టెనర్, ఒక సొప్రానో గొంతుల్ని కలిపి ఒకే గాయకుడిగా వినిపించారు. అక్కడ కష్టమంతా శబ్దాలను కలపడంలో కాదు, అతుకు కనబడకుండా చూడటంలోనే.

సూర్యోదయం కూడా ఇలాగే వస్తుంది: ‘ఆ’ నుంచి ‘ఊ’కి జారండి, దారిలో ‘ఓ’ తగులుతుంది. మహర్షి మాత్రం వేవ్‌టేబుల్‌లో ఇమడడు. ర్ దగ్గర నాలుక కొట్టుకున్నప్పుడల్లా సైకిల్ తెగుతుంది, ఫ్రేములు కోయడం గందరగోళమవుతుంది. దాన్ని వైటల్ శాంపిల్ స్లాట్‌లో ఉన్నదున్నట్టు వేసుకోండి.