వాకిలి అందరిదీ

“ఇంటిని చూసి ఇల్లాలిని చూడు” అని సామెత. ఈ మాట మనం తరచూ వింటుంటాం. కాని ఇల్లు ఇల్లాలు ఒక్కదానిదేనా? ఇంట్లో ఐదుగురు ఉంటే వాకిలి ఐదుగురిదీ కాదా? ఒక కుటుంబం కథ చదువుదాం. తర్వాత మన వాకిలి సంగతి మాట్లాడుకుందాం.

నీళ్ళు యాడికి పోతాయి?

అది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. మూడు సెంట్ల జాగాలో ఒక ఇల్లు. ఇంట్లో అవ్వ, నాయన, అమ్మ, ఇద్దరు పిల్లలు. పాప తొమ్మిదో తరగతి. పిల్లోడు ఆరో తరగతి. అమ్మ పెళ్ళయ్యాక రాత్రి బడికి పోయి చదువు నేర్చుకుంది.

ఇంటి ముందు ఖాళీ జాగా ఉంది. వెడల్పు 20 అడుగులు. గోడ నుంచి వీధి దాకా 15 అడుగులు. గిన్నెలు అక్కడే తోముతారు. బట్టలు అక్కడే ఉతుకుతారు. గోడ దగ్గరే పల్లం. నీళ్ళు అక్కడే నిలిచేవి. గోడ చెమ్మ పట్టింది. నేల పాచి పట్టింది. వానొస్తే ఆ మురుగంతా పక్కింటి గడప ముందుకు పోయేది. అందుకే పక్కింటి అక్కకూ అమ్మకూ మాటలు లేవు.

ఒకరోజు అవ్వ పాచి మీద కాలుజారి పడింది. చెయ్యి వాచింది. నెలరోజులు ముద్ద కలుపుకోలేకపోయింది. అప్పుడు నాయన అన్నాడు.

“ఈసారి కూలి డబ్బులతో మట్టి తోలిద్దాం. జాగా అంతా ఎత్తు చేద్దాం. పూలచెట్లు పెడదాం.”

అందరికీ సంతోషమైంది. పాప మాత్రం అడిగింది.

“నాయనా, మన జాగా ఎత్తయితే నీళ్ళు యాడికి పోతాయి?”

ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళు నేరుగా పక్కింట్లోకే పోతాయి. మన వాకిలి బాగుపడి, పక్కవాళ్ళ వాకిలి మునిగితే అది బాగు అవుతుందా?

“ముందు నీటికి దారి చూడాలి. పూలు తర్వాత” అంది అవ్వ.

ఇంకుడు గుంత

ఆ ఇంట్లో రోజుకు పది బిందెల నీళ్ళు వాడి పారబోస్తారు. ఆ నీళ్ళకు ఇంకుడు గుంత తవ్వారు. గోడ పునాదికి దూరంగా, వీధి వైపు మూలన తవ్వారు. తాగే నీటి బోరింగు దగ్గర ఇంకుడు గుంత ఉండకూడదు. కనీసం 50 అడుగుల దూరం ఉండాలి.

గుంత కొలత చూడండి. పొడవు 3 అడుగులు. వెడల్పు 3 అడుగులు. లోతు 3 అడుగులు. నాయన తవ్వాడు. పిల్లోడు మట్టి ఎత్తిపోశాడు. గుంతలో పది బిందెలు పోసి చూశారు. తెల్లారేసరికి ఇంకిపోయాయి. అది ఎర్రమట్టి నేల కదా! నల్లరేగడిలో నీళ్ళు తొందరగా ఇంకవు. అందుకే ముందు నీళ్ళు పోసి చూసుకోవాలి.

గుంత అడుగున పెద్ద రాళ్ళు వేశారు. వాటి మీద నడిమి రాళ్ళు. ఆ పైన చిన్న గులకరాళ్ళు. పైన అడుగుకు చిల్లులు పెట్టిన పాత కుండ పెట్టారు. కుండలో కొబ్బరి పీచు నింపారు. మెతుకులు, జిడ్డు ఆ పీచులో ఆగిపోతాయి. నీళ్ళు మాత్రం కిందికి దిగుతాయి. పీచును వారం వారం కడగాలి. పాడైతే మార్చాలి. గుంత మీద బండ మూశారు. మరుగుదొడ్డి నీళ్ళు మాత్రం ఈ గుంతలోకి వదలకూడదు.

అమ్మ చేసిన లెక్క

తర్వాత గోడ పక్కన పల్లం పూడ్చాలి. పల్లం పొడవు 20 అడుగులు. వెడల్పు 10 అడుగులు. అర అడుగు ఎత్తు పోయాలి.

20 × 10 × ½ = 100 ఘనపుటడుగులు.

తడిపి దిమ్మిస కొడితే మట్టి అణుగుతుంది. అందుకని ఇంకో 50 కలిపారు. మొత్తం 150.

ట్రాక్టరు ఆయన వచ్చి చూశాడు. “మూడు ట్రక్కులు పడతాయి” అన్నాడు. అమ్మ టేపు తెచ్చి ట్రక్కు కొలిచింది. పొడవు 10 అడుగులు. వెడల్పు 5 అడుగులు. ఎత్తు అడుగున్నర.

10 × 5 × 1½ = 75.

“అన్నా, రెండు ట్రక్కులు చాలు. తలకొట్టి నింపితే 150 వస్తాయి” అంది. ఆయన కాగితం చూశాడు. సరేనన్నాడు. ఒక ట్రక్కు డబ్బు మిగిలింది. చదువు ఎందుకు అని అడిగేవాళ్ళకు ఈ లెక్క చూపించండి.

దారి, చెట్లు

ఇప్పుడు గోడ దగ్గర ఎత్తు. వీధి వైపు వాలు. వాన నీళ్ళు వీధి కాలువలోకి పోతాయి. పక్కింటి వైపు అడుగు ఎత్తున కట్ట వేశారు.

మిగిలిన డబ్బుతో నాపరాళ్ళు తెచ్చారు. నంద్యాల జిల్లాలోని బేతంచర్ల నాపరాళ్ళకు పేరున్న ఊరు. వీధి నుంచి గడప దాకా రాళ్ళు పరిచి దారి వేశారు. వాకిలంతా సిమెంటు చేయలేదు. సిమెంటు చేస్తే వాన నీరు భూమిలోకి దిగదు. ఎండకు వేడి కొడుతుంది. ముగ్గు వేయడానికి గడప ముందు చదును నేల ఉంచారు.

ఇంకుడు గుంత పక్కన తడి ఉంటుంది. అక్కడ అరటి పిలకలు నాటారు. ఒక మూలన మునగ, ఇంకో మూలన కరివేపాకు. మునగ కొమ్మ పెళుసు. గాలికి విరుగుతుంది. అందుకని కరెంటు తీగల కింద, దారి మీద నాటలేదు. రావి, మర్రి గోడ దగ్గర పెట్టకూడదు. వేర్లు గోడను చీలుస్తాయి. కట్ట మీద బంతి, కనకాంబరం వేశారు. విత్తనాలు దాచి పెట్టింది అవ్వే.

దోమకు చోటు లేదు

మలేరియాను దోమ మోస్తుందని మన గడ్డ మీదే తేలింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్నాడు. మురుగులో పెరిగే దోమ బోదకాలు తెస్తుంది. తొట్లలో, పాత టైర్లలో నిలిచిన నీటిలో పెరిగే దోమ డెంగీ తెస్తుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకసారి తొట్లు, కుండలు వంచి, రుద్ది, ఆరబెట్టాలి. ఆ ఇంట్లో ఈ పని పిల్లోడిది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు ఊడ్చడం, కల్లాపి చల్లడం అమ్మ, పాప చేసేవాళ్ళు. ఇప్పుడు వంతులు వేసుకున్నారు. నాయన వంతు ఆదివారం. మొదట వీధిలో నవ్వారు. “నా వాకిలి నేను ఊడ్చుకుంటే సిగ్గెందుకు?” అన్నాడు నాయన.

మొదటి వాన పడింది. పక్కింటి గడప ముందుకు మురుగు రాలేదు. నాలుగు రోజులకు పక్కింటి అక్క కట్ట దగ్గర నిలబడింది. “ఆ గుంత ఎట్లా తవ్వారో చెప్తావా?” అని అడిగింది. అమ్మ టేపు తీసుకుని వాళ్ళ ఇంటికి పోయింది.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఇంట్లో వాడిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? ఎవరి వాకిట్లో నిలుస్తున్నాయి?
2. మీ వాకిలి పనిలో మగవాళ్ళ వంతు ఎంత?
3. మీ ఊరి నేల ఎర్రదా, నల్లదా? నీళ్ళు పోసి చూడండి.

లెక్క చేయండి

ఇంకుడు గుంతలో తవ్విన మట్టి ఎన్ని ఘనపుటడుగులు? దాన్ని కూడా పల్లంలో పోస్తే 150లో ఇంకా ఎంత మట్టి కావాలి? అప్పుడు కూడా రెండు ట్రక్కులు తోలించాలా?