తోటనుండి నోటివరకు

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వైపు సాగు రాజమార్గము విజయవాడకు పోవు జాతీయ రహదారిలోని భాగము. ఈ రెండింటికి నడుమ కొత్తపేట యున్నది. ఇచ్చట ముప్పది ఐదేండ్లపాటు ఒక పెద్ద పండ్ల విపణి నడచినది. అంతకు పూర్వము నగరపు పండ్ల వ్యాపారము మొజంజాహీ మార్కెట్టులో జరుగుచుండెను. నగరము పెరిగినకొలది అచ్చట చోటు చాలలేదు. 1986వ సంవత్సరమున ఆ వ్యాపారము కొత్తపేటకు మారినది. సుమారు ఇరువది రెండు ఎకరముల ఆవరణములో వెలసిన ఈ విపణికి గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు అను పేరు వాడుకలోనికి వచ్చినది.

ఆ విపణిలో సందడి తెల్లవారకముందే మొదలగుచుండెను. వేసవిలో కొల్లాపురము మొదలగు ప్రాంతములనుండి మామిడికాయలు, తక్కిన కాలములలో నల్లగొండ బత్తాయిలు, నాగపురపు కమలాలు, ఉత్తరదేశపు ఆపిలుపండ్లు లారీలలో వచ్చుచుండెడివి. హమాలీలు సరకును దింపుచుండిరి. కమీషన్ ఏజెంట్లు దానిని కుప్పలుగా పోయించి వేలము వేయుచుండిరి. చిల్లర వర్తకులు తాము కొన్న పండ్లను ఆటోలలోను, తోపుడు బండ్లపైనను వేసికొని చుట్టుపట్ల వీధులకు కొనిపోవుచుండిరి. వేలము ముగియునప్పటికి ఆవరణములో ఒక మూల మరియొక కుప్ప మిగులుచుండెను. నలిగినవి, పగిలినవి, కుళ్ళినవి అందు చేరుచుండెను. ఇది ఆ ఒక్క విపణికి చెందిన లోపము కాదు. పండ్లు రాశిపోయు ప్రతి చోటను ఇట్టి కుప్ప కానవచ్చును.

ఈ కుప్పవలన నష్టపోవువారు ఎవరు? రైతునకు తూకములో తరుగు వచ్చును. వర్తకుడు తనకు పాడైన పండ్ల వెలను మిగిలిన పండ్ల ధరలో కలుపుకొనును. కొనువాడు ఆ ధరను చెల్లించును. ఈ ముగ్గురి నష్టమును రూపాయలలో లెక్కింపవచ్చును. రూపాయల లెక్కకు అందని నాల్గవ నష్టమొకటి కలదు. ఆ పండు తినవలసిన బిడ్డకు అది అందకపోవుటయే ఆ నష్టము.

కోత తరువాత పంట ఎంత పాడగుచున్నదో మన దేశమున శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. లూధియానాలోని కేంద్రీయ కోతానంతర సాంకేతిక సంస్థ 2015లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, నూరు కిలోల మామిడిలో సుమారు తొమ్మిది కిలోలు, నూరు కిలోల టమాటాలో పండ్రెండు కిలోలకు పైగా నష్టమగుచున్నవి. జామపండ్లలో నష్టము దాదాపు పదునారు కిలోలు. ఆ అధ్యయనము పరిశీలించిన పండ్లు, కూరగాయలన్నింటిలోను జామకే అధిక నష్టము కలిగినది. ప్రపంచమంతట కోత తరువాత, చిల్లర అంగడికి చేరకముందే, ఆహారములో సుమారు 14 శాతము నష్టమగుచున్నదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో అంచనా వేసినది.

జామపండు విషయమును కొంత నిదానించి చూడవలెను. అది పేదవాని ఇంటి పెరటిలోను పండును. సాధారణముగా ఆపిలుకంటె చవుకగా దొరకును. నూరు గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల 'సి' విటమిను ఉండును. నారింజలో ఉన్నదానికంటె ఇది దాదాపు నాలుగు రెట్లు. 'సి' విటమినునకు ఒక ముఖ్యమైన గుణము కలదు. ఆకుకూరలలోను, పప్పులలోను, జొన్న, సజ్జ వంటి ధాన్యములలోను ఇనుము ఉన్నను, దేహము దానిని సులభముగా గ్రహింపజాలదు. భోజనముతోపాటు 'సి' విటమిను లభించినచో ఆ ఇనుమును దేహము మెరుగుగా గ్రహించును. పప్పులో నిమ్మరసము పిండుకొను అలవాటు రుచికే కాక రక్తమునకును మేలు చేయుచున్నది.

ఇప్పుడు మరియొక లెక్కను దీని ప్రక్కన ఉంచి చూడవలెను. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణమున ఆరు నెలలకు పైబడి అయిదేండ్లలోపు వయస్సుగల పిల్లలలో నూటికి డెబ్బదిమందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి ముప్పది ముగ్గురు వయస్సునకు తగిన ఎత్తు పెరుగలేదు. రక్తహీనతకు కారణములు పెక్కు. కేవలము పండ్లు తిన్నంతమాత్రమున అది తొలగదు. ఐనను, ఇనుమును ఒంటికి పట్టించు పండు మనకు చవుకగా పండుచున్నది. ఆ పండే అన్నింటికంటె అధికముగా పాడగుచున్నది. ఈ రెండు మాటలను కలిపి ఆలోచించినచో ఆహారనష్టము వర్తకుల చిక్కు మాత్రమే కాదని తెలియును.

ఈ ఆలోచనకు హైదరాబాదే తగిన చోటు. కూనూరులో 1918లో రాబర్టు మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో ప్రారంభించిన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేర ప్రసిద్ధమైనది. దిల్‌సుఖ్‌నగరమునకు ఉత్తరమున, కొన్ని మైళ్ళ దూరములో, తార్నాకలో ఆ సంస్థ యున్నది. పెద్దవారి దినభోజనములో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండవలెనని ఆ సంస్థ చెప్పుచున్నది. ఆ నూరు గ్రాములు ప్రతి పళ్ళెములోనికి రావలెనన్నచో క్రొత్త తోటలు నాటుట ఒక మార్గము. పండినదానిని చెడకుండ చేర్చుట మరియొక మార్గము. ఈ రెండవ మార్గమునకు అదనముగా భూమియు, నీరును, ఎరువును అక్కరలేదు.

పండు ఏల చెడును? కోసిన పిమ్మటను పండు జీవించియే యుండును. అది శ్వాసించును, ప్రాణవాయువును గైకొని తనలోని చక్కెరను ఖర్చుచేయుచు వేడిని వెలువరించును. ఎండ తగిలినకొలది ఈ శ్వాస వేగమగును. మామిడి, జామ, అరటి, బొప్పాయి వంటివి కోసిన తరువాత ఎథిలీన్ అను వాయువును విశేషముగా విడుచుచు మాగును. ఒక పండు విడిచిన ఎథిలీన్ ప్రక్కనున్న కాయను గూడ మాగించును. కావుననే, బుట్టలో ఒక పండు మాగినచో తక్కినవి త్వరపడును. నలిగిన చోటనుండి శిలీంధ్రము లోనికి ప్రవేశించును. ఇక కుళ్ళు ఒకదానినుండి మరియొకదానికి ప్రాకును. 'సి' విటమిను మరింత సుకుమారము. పండు పైకి బాగుగనే కానవచ్చినను, వేడిలో నిలువయుండిన కొలది అందలి 'సి' విటమిను తరిగిపోవును.

ఈ కారణములు తెలిసిన రైతు చెట్టునుండియే జాగ్రత్తను మొదలిడును. కొమ్మను దులిపి కాయలను నేల రాల్పక, చిక్కముకట్టిన దోటితో కోయును. మామిడికాయకు కొంత తొడిమను విడిచి కోసినచో సొన కాయపై చిమ్మదు. చిమ్మిన చోట తోలు నల్లబడి కుళ్ళునకు దారియగును. కోసిన కాయలను చెట్టునీడన ఉంచవలెను. లారీలో గడ్డి పరచి రాశిగా పోసిన కాయలలో అడుగునవి పైవాటి బరువునకు నలుగును. గాలి ఆడు ప్లాస్టిక్ పెట్టెలలో పేర్చినచో బరువును పెట్టె మోయును, కాయ మోయదు. శీతల గిడ్డంగి గూడ తెలిసి వాడినప్పుడే మేలుచేయును. ద్రాక్షకు దాదాపు మంచుచల్లదనము తగును. మామిడి, అరటి అంత చల్లదనమును ఓర్వలేవు. సుమారు 12 డిగ్రీలకు దిగువన వాటి తోలు నల్లబడి, అవి సరిగా మాగవు.

త్వరగా మాగింపవలెనను ఆశ మరియొక కీడును తెచ్చినది. కొందరు వర్తకులు కాల్షియం కార్బైడును వాడుచు వచ్చిరి. దానికి తేమ తగిలినప్పుడు వెలువడు ఎసిటిలీన్ వాయువు కాయకు రంగు తెచ్చును. ఆ పొడిలో పాషాణము, భాస్వరము లేశమాత్రముగా ఉండును. ఈ పద్ధతిని చట్టము నిషేధించినది. 2015లో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము ఈ విషయమును స్వయముగా విచారణకు గైకొన్నది. దీనికి బదులుగా పండులో సహజముగనే పుట్టు ఎథిలీన్ వాయువును, గాలిలో పది లక్షల పాళ్ళకు నూరు పాళ్ళు మించకుండ, మూసిన గదులలో వాడుటకు ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2016లో అనుమతించినది. భయపడి పండు తినుట మానినచో అదియును పౌష్టికతకు నష్టమే. కావున పండుపై ప్రజలకుగల నమ్మకమును కాపాడుట గూడ ఆహారరక్షణలో భాగము.

సరియైన కప్పు లేకున్న ఏమి జరుగునో 2020వ సంవత్సరము చూపినది. కరోనా వ్యాపించిన ఆ వేసవిలో, కొత్తపేటలో జనసమ్మర్దమును తప్పించుటకై మామిడి వ్యాపారమును నగరము వెలుపలనున్న కోహెడకు తాత్కాలికముగా మార్చిరి. మే నెలలో వచ్చిన గాలివానకు అచ్చట వేసిన రేకుల పందిళ్ళు కూలిపోయెను. పలువురు గాయపడిరి, కాయలు తడిసి పాడయ్యెను. గట్టి కప్పు, నున్నని గచ్చు, నీటిపారుదల, శీతల గది అనునవి విపణికి అలంకారములు కావు. అవి మనుష్యులకును పండ్లకును రక్షణలు. పిమ్మట కొత్తపేట స్థలము పెద్ద ఆసుపత్రి నిర్మాణమునకు నిర్ణయింపబడెను. పండ్ల విపణి అదే రహదారిపై మరింత తూర్పుననున్న బాటసింగారమునకు తరలిపోయినది. రోగులకు చికిత్స జరుగవలసిన ఆ చోటనే, అంతకు పూర్వము రోగములను కొంత దూరముంచగల ఆహారము రాశులుగా పోయబడుచుండెను.

దారిని తగ్గించుట మరియొక ఉపాయము. చేతులు మారిన కొలది పండ్లు, కూరలు నలుగును; ప్రొద్దును గడచును. రైతు తన పంటను నేరుగా కొనువారికి అమ్ముకొనుటకై 1999 జనవరి 26న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రైతుబజారులను ప్రారంభించిరి. దిల్‌సుఖ్‌నగరమునకు చేరువనున్న సరూర్‌నగర్ రైతుబజారు ఇట్టిదే. ఉదయము కోసిన ఆకుకూర ఆ దినముననే వంటింటికి చేరినచో వాడుటకు వ్యవధి యుండదు.

పూర్వులకు శీతల గదులు లేవు. కాని పంటను నిలువచేయు నేర్పు కలదు. గాలికి రాలిన కాయలను ముక్కలుగా కోసి ఎండబెట్టి ఒరుగులు చేసిరి. మిగుల పండిన పండ్ల రసమును చాపలపై పొరలుపొరలుగా పూసి తాండ్ర చేసిరి. వీటిలో 'సి' విటమిను చాలవరకు పోవును. ఊరగాయలలో ఉప్పు హెచ్చు. ఐనను పారవేయవలసినదానిని ఆహారముగా మార్చిన ఆ విద్య గొప్పది. ఆహారముగా ఏ విధమునను పనికిరాని దానికి గూడ ఉపయోగము కలదు. నగరమునకు ఉత్తరమున బోయినపల్లి కూరగాయల విపణిలో, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పద్ధతి ననుసరించి, వ్యర్థములనుండి వాయువును, విద్యుత్తును తీయుచున్నారు. దినమునకు పది టన్నుల వ్యర్థములనుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీయుటకు తగినట్లు దానిని నిర్మించిరి. ఇది మెచ్చదగిన పనియే. కాని పండు మొదట మనుష్యుని చేరవలెను. చేరలేనిదే యంత్రమునకు పోవలెను.

కాపాడిన పండంతయు తనంతట తానే బీదవాని ఇంటికి పోదు. ధర అందుబాటులో లేనిచో చెడని పండును అంగడిలో చూచి పోవలసినదే. అందుచేత అంగన్‌వాడీలకును, బడులలోని మధ్యాహ్న భోజనమునకును పండ్లు, కూరలు చేర్చు ప్రయత్నము నష్టనివారణకు తోడు కావలెను. తరుగు తగ్గినచో ధర కొంత దిగుటకు వీలుకలుగును. ప్రజాసంస్థలు పూనుకొన్నచో ఆ మేలు పిల్లలవరకు వచ్చును.

తుదకు పండు ఇంటికి చేరును. నష్టము అచ్చటను ఆగుట లేదు. 2022లో ప్రపంచమున ఇండ్లలోను, భోజనశాలలలోను, అంగళ్ళలోను 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదనియు, అందు 63 కోట్ల టన్నులు ఇండ్లలోనే వ్యర్థమైనదనియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము అంచనా వేసినది. దిల్‌సుఖ్‌నగరమున చదువులకై వచ్చిన యువకులు నివసించు వసతిగృహములు పెక్కు కలవు. అచ్చట పళ్ళెములో విడిచిన కూర, ఇంటిలో అరమరచి కుళ్ళిన జామకాయ ఈ లెక్కలోనివే. కావలసినంతయే వడ్డించుకొనుట, మాగినదానిని ముందుగా తినుట, కొద్దిగా మచ్చపడిన పండును ఆ భాగము కోసి వాడుట, కుళ్ళు లోనికి ప్రాకినదానిని మాత్రమే విడుచుట అను పనులకు ధనము అక్కరలేదు.

ఒక జామపండు వెనుక రైతు నీరుపోసిన దినములు, కోసిన కూలివాని మెలకువ, లారీనడిపిన వాని నిద్రలేని రాత్రి, తోపుడు బండివాని నడక ఉన్నవి. వీరిలో ఏ ఒక్కరి చేయి జారినను తక్కిన అందరి శ్రమయు వృథాయగును. ప్రతి చేయియు జాగ్రత్త వహించినచో ఆ పండు తోటనుండి బిడ్డ నోటికి చేరి, రక్తమై, బలమై, చదువునకు ఓపికయై ఫలించును. పండించుట ఎంత వ్యవసాయమో, పండినదానిని కాపాడి పంచుటయు అంత వ్యవసాయమే.