గుక్కెడు కాఫీ - కొండంత పీడనం

పెళ్ళి విందుల్లో మీరు ఈ దృశ్యం చూసే ఉంటారు. ఒక మూల మెరిసే పెద్ద యంత్రం. దాని ముందు నిలబడిన మనిషి పాలగిన్నెను ఒక గొట్టం కింద పెట్టి మర తిప్పుతాడు. భుస్సుమని ఆవిరి వస్తుంది. పాలు బుడబుడమని నురగ కక్కుతాయి. కప్పు మీద చిటికెడు కాఫీ పొడి చల్లి మన చేతికిస్తాడు. యంత్రం మీద 'ఎస్ప్రెసో కాఫీ' అని రాసి ఉంటుంది.

నిజానికి అది ఎస్ప్రెసో కాదు. అక్కడ ఆవిరి చేసిన పనల్లా పాలను వేడిచేసి నురగ తెప్పించడమే. అసలైన ఎస్ప్రెసో ఇటలీ దేశంలో పుట్టింది. ఇటాలియన్ భాషలో ఆ మాటకు 'నొక్కి బయటకు తీసినది' అని ఒక అర్థం, 'అప్పటికప్పుడు చేసినది' అని మరొక అర్థం. ఆ రెండు అర్థాల్లోనూ భౌతికశాస్త్రం ఉన్నది. ఆ సంగతేమిటో చూద్దాం.

పొడి ఎందుకు చేస్తాం?

కాఫీ గింజను అలాగే వేడినీళ్ళలో వేస్తే మంచి కాఫీ రాదు. ఎందుకని? నీరు గింజ ఉపరితలాన్ని తాకిన చోటనే పదార్థాలు త్వరగా కరుగుతాయి. 1 సెంటీమీటరు భుజం గల ఘనాన్ని ఊహించుకోండి. దాని ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 1 మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలవుతాయి. మొత్తం వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లు. ఇంకా చిన్నగా, 0.1 మిల్లీమీటరు ఘనాలుగా చేస్తే 600 చదరపు సెంటీమీటర్లు! పదార్థం అంతే ఉన్నది. నీటికి దొరికిన ఉపరితలం మాత్రం నూరు రెట్లయింది.

అయితే మెత్తని పొడితో ఒక చిక్కు ఉన్నది. రేణువుల మధ్య సందులు సన్నబడతాయి. నీరు వాటి గుండా దిగడం కష్టమవుతుంది. ఇసుకలో పోసిన నీరు వెంటనే ఇంకుతుంది, బంకమట్టి మీద పోసిన నీరు నిలిచిపోతుంది గదా! ఇదీ అంతే.

మన ఇళ్ళలోని ఫిల్టరులో నీటిని కిందికి లాగేది గురుత్వాకర్షణ ఒక్కటే. పొడి మీద నిలిచే నీరు 5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుందనుకుందాం. ఆ కొద్దిపాటి పీడనంతో డికాక్షను చుక్క చుక్కగా దిగడానికి పదిహేను నిమిషాలైనా పడుతుంది. త్వరగా దించాలంటే నీటిని గట్టిగా నెట్టాలి. ఎలా నెట్టాలి?

ఆవిరి చేసిన మేలు, కీడు

మొదట అందరికీ తోచిన ఉపాయం ఆవిరి. 1884లో ట్యూరిన్ నగరవాసి ఏంజెలో మోరియోండో ఆవిరి సాయంతో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయిజీ బెజ్జెరా ఒక్కొక్క కప్పుకు విడివిడిగా, అప్పటికప్పుడు కాఫీ తీసే యంత్రాన్ని రూపొందించాడు. 1933లో ఆల్ఫోన్సో బియాలెట్టి ఇంట్లో పొయ్యి మీద పెట్టుకునే చిన్న అల్యూమినియం పాత్రను తెచ్చాడు. దాని పేరు మోకా. దాని కింది గదిలో నీరు పోస్తారు. నడుమ జల్లెడలో పొడి వేస్తారు. వేడికి గదిలోని గాలి, ఆవిరి వ్యాకోచించి నీటిని గొట్టం గుండా, పొడి గుండా పై గదిలోకి నెడతాయి.

కాని ఆవిరిలో ఒక లోపం ఉన్నది. మూసిన పాత్రలో పీడనం పెరగాలంటే ఉష్ణోగ్రత కూడా పెరగక తప్పదు. మన ప్రెషర్ కుక్కరులో నీరు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుందని మీరు చదివే ఉంటారు. పప్పు ఉడకడానికి అది మంచిదే. కాఫీకి మాత్రం కాదు. అంత వేడి తగిలితే చేదు, మాడు రుచి ఎక్కువవుతాయి. కాఫీకి అనువైన నీటి ఉష్ణోగ్రత 90 నుండి 96 డిగ్రీలు. ఆ వేడిలో ఆవిరికి నెట్టే బలం చాలదు. పీడనం కావాలంటే రుచి పోతుంది, రుచి కావాలంటే పీడనం రాదు!

ఈ ముడిని విప్పినవాడు అకిల్లే గాజియా. పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ విడదీస్తే సరిపోతుందని అతడు గ్రహించాడు. నీటిని మరగనివ్వకుండా తగినంతే వేడిచేసి, మీట, స్ప్రింగు సాయంతో ముషలకాన్ని కదిపి ఆ నీటిని నెట్టించాడు. అతని మీట యంత్రం 1948 నాటికి తయారీలోకి వచ్చింది. 1961లో ఫయేమా కంపెనీ చేతిమీటకు బదులు విద్యుత్ పంపును అమర్చి 'ఇ 61' అనే యంత్రాన్ని విడుదల చేసింది. ఆ యేడు ఫిబ్రవరి 15న ఇటలీలో కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణం గుర్తుగా ఆ పేరు పెట్టారు.

9 వాతావరణాల పీడనం అంటే ఎంత?

నేటి యంత్రాలు కాఫీ పొడి మీద ఇంచుమించు 9 వాతావరణాల పీడనం కలిగిస్తాయి. అది 90 మీటర్ల ఎత్తు గల నీటి స్తంభం కలిగించే పీడనంతో సమానం. కుతుబ్ మీనారు ఎత్తు 73 మీటర్లే! మన ఫిల్టరులోని 5 సెంటీమీటర్లతో పోల్చితే ఇది 1,800 రెట్లు.

పొడి నింపే గిన్నె వ్యాసం 58 మిల్లీమీటర్లనుకోండి. దాని వైశాల్యం సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. ప్రతి చదరపు సెంటీమీటరు మీద 9 కిలోలకు పైగా బరువు పడుతున్నది. మొత్తం దాదాపు 240 కిలోలు. రెండు బస్తాల బియ్యం కంటె ఎక్కువ! అందుకే గిన్నెను యంత్రానికి బిగించే భాగం అంత దళసరిగా ఉంటుంది. కాఫీ దిగుతుండగా దానిని ఎన్నడూ విప్పరాదనడానికి కారణం కూడా ఇదే.

ఈ పీడనం వల్ల మరో వింత జరుగుతుంది. గింజను వేయించినప్పుడు పుట్టిన కార్బన్ డై ఆక్సైడ్ కొంత గింజలోనే చిక్కుకుని ఉంటుంది. అధిక పీడనంలో అది నీటిలో కరుగుతుంది. కప్పులోకి రాగానే పీడనం తగ్గి, సన్నని బుడగలై పైకి లేస్తుంది. గోలీ సోడా మూత తీసినప్పుడు జరిగేది ఇదే. కాఫీలోని నూనెలతో కలిసి ఆ బుడగలు తేనెరంగు మీగడలా తేలతాయి. గింజలు పాతబడితే ఆ వాయువు తప్పించుకుపోతుంది, మీగడ పలచబడుతుంది.

ఇంట్లో చేసే పద్ధతి

పెద్దవాళ్ళు ఇంట్లో యంత్రం కొన్నారనుకోండి. మంచి కాఫీ రావడానికి ఒక ప్రయోగశాల క్రమశిక్షణ అవసరం.

యంత్రాన్ని ముందుగా బాగా వేడెక్కనివ్వాలి. చల్లని లోహం నీటి వేడిని లాగేసుకుంటుంది. చికోరీ కలపని తాజా గింజలను అప్పటికప్పుడు మరపట్టాలి. 18 గ్రాముల పొడి తూచి గిన్నెలో సమంగా సర్ది, చదునుగా నొక్కాలి. ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు. చేను గట్టుకు ఎలుక బొరియ ఒక్కటి ఉన్నా మడిలోని నీరంతా ఆ దారినే పోతుంది. పొడిలో ఒక పక్క వదులుగా ఉంటే నీరు కూడా అక్కడినుండే పరుగెడుతుంది. ఆ భాగం మరీ ఎక్కువ కరిగి చేదెక్కుతుంది, మిగతా పొడి దాదాపు తడిసి ఊరుకుంటుంది.

ఇప్పుడు గడియారం చూడండి. 25 నుండి 30 సెకండ్లలో 36 గ్రాముల కాఫీ రావాలి. పొడి బరువులో ఐదోవంతు, అంటే సుమారు 3.6 గ్రాములు, అందులో కరిగి ఉంటుంది. పుల్లని పదార్థాలు ముందు కరుగుతాయి. చేదువి నెమ్మదిగా వస్తాయి. పన్నెండు సెకండ్లకే కాఫీ వచ్చేస్తే పులుపు మిగులుతుంది, పొడి ఇంకా మెత్తగా పట్టాలి. నలభై అయిదు సెకండ్లు పడితే చేదెక్కుతుంది, కాస్త బరకగా పట్టాలి. ఒకసారి ఒక్కదానినే మార్చండి. పొడి మెత్తదనం, పరిమాణం రెండూ ఒకేసారి మారిస్తే రుచి దేనివల్ల మారిందో తెలియదు. ప్రయోగంలో ఒక చరరాశిని మార్చి తక్కినవి స్థిరంగా ఉంచాలనే సూత్రం వంటింట్లోనూ వర్తిస్తుంది.

నేను నేర్చుకున్న పాఠం

ఇక నా సంగతి చెబుతాను. ఇటలీలో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు సెలవుల్లో వస్తూ నాకొక మోకా పాత్ర తెచ్చాడు. మా ఊరి బోరు నీరు కఠినజలం. బకెట్ల అంచున తెల్లని గార కడుతుంది. ఆ నీటితోనే యేడాదిపాటు రోజూ కాఫీ కాచాను. ఒకనాడు ఎస్ప్రెసో గురించి చదివిన ఉత్సాహంలో పొడిని పిండిలా మరపట్టి, గరిటెతో బిగదొక్కి పొయ్యి మీద పెట్టాను.

ఎంతసేపటికీ కాఫీ పైకి రాలేదు. ఉన్నట్టుండి మర బిగించిన చోటునుండి బుస్సుమని వేడినీరు, ఆవిరి చిమ్మాయి. పొయ్యి కట్టేసి, ఏమైందో చూద్దామని గుడ్డతో పాత్రను పట్టుకుని విప్పబోయాను.

"ఏవండీ, ఆగండి! ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తామా?" అని మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆమె ఆపకపోతే ఆ మరిగే నీరు నా ముఖాన పడేది. పూర్తిగా చల్లారాక విప్పి చూశాను. కింది గదికి ఉండే రక్షక కవాటం తెల్లని గారతో బిగుసుకుపోయి ఉన్నది! బిగదొక్కిన పొడి నీటికి దారి మూసింది. పెరిగిన పీడనాన్ని వదలవలసిన కవాటాన్ని గార మూసింది. మోకా పీడనం తక్కువ కనుక అందులో పొడిని నొక్కరాదనీ, నీరు కవాటం కిందివరకే ఉండాలనీ, కవాటం కదులుతున్నదో లేదో అప్పుడప్పుడు చూడాలనీ ఆనాడు గట్టిగా తెలిసింది. తాత్కాలిక కాఠిన్యం గురించి పాతికేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్నవాణ్ణి. నా వంటింట్లో దానిని గుర్తుపట్టలేకపోయాను.

గార కథ, శుభ్రత

ఆ గార ఎక్కడిది? కఠినజలంలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి ఇలా విడిపోతుంది:

కాల్షియం బైకార్బనేటు → కాల్షియం కార్బనేటు + నీరు + కార్బన్ డై ఆక్సైడ్

కాల్షియం కార్బనేటు నీటిలో కరగదు. గొట్టాల లోపల పెచ్చుకడుతుంది. దారులు మూసుకుపోతాయి. అది మంచి ఉష్ణవాహకం కాదు కనుక నీరు వేడెక్కడం ఆలస్యమవుతుంది. నివారణకు సులువైన మార్గం ఉన్నది. నీటిని ముందే మరగకాచి, తేర్చి వడకడితే ఆ గార చాలావరకు గిన్నెలోనే ఉండిపోతుంది. పట్టిన గారను వదిలించడానికి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, వాడతారు. లీటరు నీటికి సుమారు 20 గ్రాములు కలిపి, యంత్రంతో వచ్చిన సూచనల ప్రకారం నడిపి, తర్వాత మంచినీటితో పలుమార్లు కడగాలి. మరుగుదొడ్లు కడిగే ఘాటైన ఆమ్లాన్ని మాత్రం ముట్టరాదు, లోహాన్నే తినేస్తుంది.

రెండో శత్రువు నూనె. కాఫీ నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంపు కొడతాయి, పాత నూనెడబ్బా వాసన మీకు తెలుసు గదా. వాడిన ప్రతిసారీ పొడి ముద్దను తట్టి పారేసి, గిన్నెనూ జల్లెడనూ వేడినీటితో కడిగి తుడవాలి. అల్యూమినియం మోకాకు చాకలి సోడా తగిలించకండి. క్షారం అల్యూమినియంతో చర్య జరుపుతుంది.

మూడోది పాలు కాచే ఆవిరి గొట్టం. మర కట్టగానే గొట్టంలోని ఆవిరి చల్లబడి నీరవుతుంది. లోపల పీడనం తగ్గి, వాతావరణ పీడనం పాలను గొట్టంలోకి నెడుతుంది. ఆ పాలు లోపలే గడ్డకట్టి పులుస్తాయి. అందుకని పాలు కాచిన వెంటనే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒక్క క్షణం ఆవిరిని వదలాలి. ఇక రబ్బరు ఉంగరం వేడికి గట్టిపడి బీటలువారుతుంది. కారడం మొదలైతే కుక్కరుకు మార్చినట్లే మార్చాలి.

చేసి చూడండి

1. రెండు గ్లాసుల్లో సమానంగా నీరు పోయండి. ఒకదానిలో పటికబెల్లం ముక్క, మరొకదానిలో అంతే బరువుగల పటికబెల్లం పొడి వేయండి. ఏది ఎంతసేపట్లో కరిగిందో రాసుకోండి.

2. కోడిగుడ్డు పెంకులో ఉన్నది కూడా కాల్షియం కార్బనేటే. పెంకు ముక్కను నిమ్మరసంలో వేసి బుడగలు గమనించండి. ఆ వాయువు ఏమిటి?

3. గిన్నె వ్యాసం 50 మిల్లీమీటర్లయితే 9 వాతావరణాల పీడనం వద్ద దాని మీద పడే బరువెంత?

4. కొండ మీద ఉన్న ఊరిలో నీరు 100 డిగ్రీలకు ముందే మరుగుతుంది. అక్కడ పంపు గల ఎస్ప్రెసో యంత్రంలో కాఫీకి దీనివల్ల ఇబ్బంది కలుగుతుందా? కారణం చెప్పండి.

భారతదేశపు కాఫీని ఎక్కువగా కొనే దేశాలలో ఇటలీ ఒకటి. మన కొండల మీద పండిన గింజే అక్కడి చిన్న కప్పులో మీగడ కడుతూ ఉండవచ్చు. కాఫీ ఎక్కువ తాగడం మీ వయసుకు మంచిది కాదు, నిద్ర చెడుతుంది. కాని దాన్ని కాచే పాత్రను పరిశీలించడానికి వయసు అడ్డురాదు. ఈ రోజే అమ్మతోనో నాన్నతోనో కలిసి మీ ఇంటి కుక్కరు చల్లగా ఉన్నప్పుడు దాని రక్షక కవాటాన్ని, రబ్బరును చూడండి. శుభ్రంగా ఉన్నాయా? నేను ఆలస్యంగా చేసిన పని మీరు ముందుగా చేయండి.